పుస్తెలతాడు తెంపుకుపోయారు, మలుపులో దీపం లేదు: విశాఖ కార్పొరేషన్ ఎన్నికల్లో మనం ఏం చూసి ఓటెయ్యాలి?

మాధవి_మర్రిపాలెం
అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి మా పక్కింటి పిన్నిగారు గుడి నుంచి నడిచి వస్తున్నారు. వెనక నుంచి బైక్ మీద ఇద్దరు వచ్చి ఆవిడ మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. ఆవిడకి 63 ఏళ్లు. పడిపోయారు, మోచేయి విరిగింది. మెడ మీద గీత ఇంకా ఎర్రగానే ఉంది. బంగారం పోతే పోయింది కానీ, ఆవిడ ఆ రోజు నుంచి వాకిట్లోకి కూడా రావడం లేదు.

ఆ మలుపులో మూడు స్తంభాలున్నాయి. దసరా నుంచి మూడింటికీ వెలుగు లేదు. పక్కన ఖాళీ స్థలం, నడుమెత్తు పిచ్చిమొక్కలు. బైక్ ఆపుకుని ఎవరు నిలబడ్డా కనపడరు.

ఆదివారం ఒక పార్టీ వాళ్లు ఇంటింటికీ వచ్చారు. ఇదే అడిగాను. "దొంగతనాలు పోలీసుల పనమ్మా, కార్పొరేటర్ చేతిలో ఏముంటుంది" అన్నారు. అంతకు ముందు రోజు స్టేషన్‌కి వెళ్తే "లైట్లు లేకపోతే మేమేం చేస్తాం, కార్పొరేషన్‌ని అడగండి" అన్నారు. ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. ఇద్దరూ తప్పుకున్నట్టూ ఉంది.

నా ప్రశ్న ఒక్కటే. 2021 మార్చిలో ఎన్నికైన కౌన్సిల్‌కి ఐదేళ్లు. మళ్లీ ఓట్ల మాట మొదలైంది. కార్పొరేటర్‌ని ఎన్నుకునేటప్పుడు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోవాలా, అక్కర్లేదా? తీసుకుంటే ఏం అడగాలి?

వన్‌టౌన్_వాసు
అక్కా, ముందు పిన్నిగారికి ధైర్యం చెప్పండి. నా మాట మాత్రం సూటిగా చెప్తాను. కార్పొరేటర్‌కీ దొంగలకీ సంబంధం లేదు. పోలీస్ కమిషనర్ కార్పొరేటర్ మాట వినరు, వినకూడదు కూడా. మీ కోపం చూపించాలంటే అసెంబ్లీ ఎన్నికల్లో చూపించండి. వార్డు ఎన్నికలంటే నీళ్లు, కాలువ, రోడ్డు. అంతే.

మాస్టారు_అక్కయ్యపాలెం
వాసు బాబూ, సగం వరకు ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా ఉంది. అందులో మొదటిది శాంతిభద్రతలు, రెండోది పోలీసు. కాబట్టి స్టేషన్‌లో ఎంతమంది ఉండాలి, బీటు ఎప్పుడు తిరగాలి అన్నది రాష్ట్ర ప్రభుత్వం పని. మన నగరానికి 1983 నుంచి పోలీస్ కమిషనరేట్ ఉంది, దానిమీద మేయర్‌కి అధికారం లేదు. ఇక్కడి దాకా నువ్వు చెప్పింది సరైనదే.

కానీ 74వ సవరణతో, అంటే 1992లో, పన్నెండో షెడ్యూల్ అని ఒకటి చేర్చారు. నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనులు 18 అందులో రాశారు. పదిహేడోది చూడు. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు. దొంగని పట్టుకోవడం పోలీసుల పని. వాడు నిలబడటానికి చీకటి లేకుండా చెయ్యడం కార్పొరేషన్ పని. పిన్నిగారు పడిపోయిన మలుపు ఈ రెండు పనులూ కలిసే చోట ఉంది.

వన్‌టౌన్_వాసు
మాస్టారూ, నమస్తే. లైటు ఉంటే దొంగలు రారా? ఎంవీపీ కాలనీలో, బీచ్ రోడ్డులో పట్టపగల్లా వెలుగుంటుంది, అక్కడ గొలుసులు పోవట్లేదా? 2023 జూన్‌లో అప్పటి ఎంపీగారి భార్యని, కొడుకుని, ఆడిటర్‌ని రౌడీషీటర్ కిడ్నాప్ చేశాడు. రుషికొండ ప్రాంతంలో ఎంపీ ఇంటికే దిక్కు లేకపోతే స్తంభానికి బల్బు పెట్టినందుకు మనం బతికిపోతామా?

మాస్టారు_అక్కయ్యపాలెం
అది ఇంట్లోకి చొరబడి చేసిన నేరం, ఆ మనుషుల వెనక పాత కేసుల చరిత్ర ఉంది. అది పోలీసు నిఘా లోపం. దానికి కార్పొరేటర్‌ని నేనూ అడగను. గొలుసు తెంపేవాడి సంగతి వేరు. వాడికి కావలసింది మూడు. ఒంటరిగా నడిచే మనిషి, కనపడకుండా కాచుకునే చోటు, పారిపోవడానికి సందు. రెండోదాన్ని మనం తీసెయ్యగలం.

శ్రీను_స్ట్రీట్‌లైట్
ఈ విషయం నాకు బాగా తెలుసు కాబట్టి మధ్యలో వస్తున్నాను. నేను కాంట్రాక్టరు కింద వీధి దీపాల పని తొమ్మిదేళ్లు చేశాను. ఇప్పుడు సొంతంగా వైరింగ్ చేసుకుంటున్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి స్తంభాలన్నీ పడుకున్నాయి కదా. ఆ తర్వాతే మన ఊళ్లో పాత సోడియం దీపాలు తీసేసి ఎల్ఈడీలు వేశారు. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ వేసింది, దాదాపు 90 వేల దీపాలు. ఊరు మొత్తం తెల్లగా మారిపోయింది. కానీ అప్పుడు వేసినవి ఇప్పుడు పదేళ్లు దాటాయి. సముద్రపు గాలికి బాడీలు తుప్పు పడతాయి, లోపల డ్రైవర్ కాలిపోతుంది. డ్రైవర్ అంటే కరెంటుని దీపానికి సరిపడేలా మార్చే చిన్న పెట్టె. ముందు పోయేది అదే.

మాధవి గారూ, ఒక చిట్కా చెప్తాను, కంప్లెయింట్ ఇచ్చేటప్పుడు పనికొస్తుంది. ఒక్క దీపం వెలగకపోతే ఆ దీపంలోనే లోపం. వరసగా మూడో, నాలుగో వెలగకపోతే కేబుల్ తెగింది, లేదా ఆ ముక్కకి కరెంటు రావడం లేదు. మూడింటికి ఒకటి చొప్పున ఆరిపోయి ఉంటే ఒక ఫేజు పోయింది. మీది వరసగా మూడు అంటున్నారు. బల్బు మారిస్తే వెలగదు. ఎవరో వచ్చి పైకెక్కి చూసి "బల్బు బాగానే ఉంది" అని రాసి కంప్లెయింట్ మూసేసి ఉంటారు.

మాధవి_మర్రిపాలెం
శ్రీను గారూ, సరిగ్గా అదే జరిగింది! ఫిర్యాదులు తీసుకునే పురమిత్ర యాప్‌లో పెట్టాను. నాలుగు రోజులకి "పరిష్కరించబడింది" అని వచ్చింది. బయటికి వెళ్లి చూస్తే చీకటే. నేను తప్పు చోట పెట్టానేమో అనుకున్నాను.

శ్రీను_స్ట్రీట్‌లైట్
తప్పు మీది కాదు. స్తంభం మీద నంబరు ఉంటుంది, పెయింటుతో రాస్తారు. అది రాసి, "వరసగా మూడు, కేబుల్ చూడండి" అని పెట్టండి. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు, వీధి దీపాలు వాళ్ల పనిలో భాగమే. కాగితం మీద రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో కూడా ఇవ్వొచ్చు. ఇంకొకటి. కొన్ని చోట్ల స్తంభం కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌ది, దీపం మన కార్పొరేషన్ జీవీఎంసీది. కేబుల్ ఎవరిదన్న దగ్గర ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అక్కడే కార్పొరేటర్ కావాలి. రెండు వైపులా ఇంజనీర్లని, అంటే ఇద్దరు ఏఈలనీ ఒకే రోజు ఆ స్తంభం కింద నిలబెట్టగలిగేది ఆ మనిషే. నేను పని చేసిన రోజుల్లో అలా నిలబెట్టే కార్పొరేటర్ ఉన్న వార్డులో మాకు ఊపిరి ఆడేది కాదు. లేని వార్డులో కంప్లెయింట్లు కాగితం మీదే మూతపడేవి. తేడా కళ్లారా చూశాను.

గాజువాక_రవికుమార్
లైట్ల గురించి బాగా చెప్పారు. మా వైపు భయం వేరు. గంజాయి.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు డిప్లొమా రెండో సంవత్సరం. వాడు రాత్రి ఎనిమిదింటికి ట్యూషన్ నుంచి వచ్చేదాకా మా ఆవిడకి టెన్షన్. మా వీధి చివర పాడుబడ్డ షెడ్డు ఉంది. సాయంత్రమైతే అక్కడ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు చేరతారు. వాసన మా మేడ మీదకి వస్తుంది. ఒకసారి అడగడానికి వెళ్లిన పెద్దాయన మీదకి బ్లేడు తీశారు. మన వైపు వాళ్లని బ్లేడ్ బ్యాచ్ అనే పిలుస్తారు, ఆ మాట వింటేనే ఆడవాళ్లు తలుపులేసుకుంటారు.

ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల నుంచి సరుకు మన ఊరి మీదుగానే పోతుందని అందరికీ తెలుసు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన్ పేరుతో ఏజెన్సీలో తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు ఒకేచోట కాల్చారు. ఇప్పుడు ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టారు, 1972కి ఫోన్ చెయ్యొచ్చు. నేను చేశాను. మర్యాదగా మాట్లాడారు, రెండు రోజులు జీపు తిరిగింది. మూడో రోజు నుంచి మామూలే. షెడ్డు అక్కడే ఉంది కదా! ఆ షెడ్డు కూలగొట్టడమో, తాళం వేయించడమో ఎవరి పని?

లాయర్_శారద
రవి గారూ, ఆ షెడ్డు ప్రైవేటుదైతే యజమానికి నోటీసు ఇవ్వాల్సింది కార్పొరేషన్. పాడుబడి ప్రమాదకరంగా ఉన్న కట్టడాల మీదా, శుభ్రం చెయ్యని ఖాళీ స్థలాల మీదా చర్య తీసుకునే అధికారం మునిసిపల్ చట్టంలో ఉంది. ఖాళీ స్థలానికి వీఎల్‌టీ అని పన్ను వసూలు చేస్తారు కదా, అంటే యజమాని ఎవరో రెవెన్యూ విభాగం దగ్గర వివరం ఉంటుంది. "ఎవరిదో తెలియదండి" అనే మాట నమ్మకండి. మాధవి గారి మలుపులో పిచ్చిమొక్కలకీ ఇదే దారి.

మాధవి గారూ, ఎఫ్ఐఆర్ అయిందా? 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. గొలుసు లాక్కోవడానికి భారతీయ న్యాయ సంహితలో 304 అని విడిగా సెక్షనే పెట్టారు, మూడేళ్ల దాకా శిక్ష. గాయం చేశారు కాబట్టి ఇంకా పెద్ద సెక్షన్లు కూడా పడొచ్చు. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, "మా పరిధి కాదు" అని పంపించెయ్యకూడదు. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. అసలు తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపండి. తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

మాధవి_మర్రిపాలెం
శారద గారూ, ఎఫ్ఐఆర్ ఇంకా కాలేదు. "పెద్దావిడ కదా, కోర్టు చుట్టూ తిరగలేరు, ఎంక్వైరీ చేస్తాం లెండి" అని తెల్లకాగితం మీద రాయించుకుని పంపారు. పిన్నిగారి అబ్బాయి పుణెలో ఉంటాడు. రేపు నేనే తీసుకెళ్తాను.

లాయర్_శారద
తప్పకుండా. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. కేసు నమోదు కాకపోతే ఆ వీధిలో నేరమే జరగనట్టు. రేపు బీటు ఎక్కడ వెయ్యాలో, కెమెరా ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు మీ మలుపు లెక్కలోకే రాదు.

కాలనీ_కుర్రాడు
అందరికీ దండాలు. నేను చదువుతూ ఊరుకుందామనుకున్నాను, కానీ చెప్పాలి.

మాది కొండవాలు మీద ఉండే బస్తీ. జేఎన్ఎన్‌యూఆర్ఎం అనే కేంద్ర పథకం కింద ఇళ్లు కట్టి మమ్మల్ని ఊరి చివరికి పంపారు. నేను డెలివరీ చేస్తాను, రాత్రి పన్నెండున్నరకి ఇంటికొస్తాను. సిటీలో ఎక్కడ గొలుసు పోయినా మరుసటి రోజు మా బ్లాకులకి జీపు వస్తుంది. మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లు, వాడి మీద ఒక్క కేసు లేదు. ఒకసారి జుట్టు పొడుగ్గా ఉందని తీసుకెళ్లి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. వాడు ఆ రోజు ఇంటర్వ్యూకి వెళ్లాలి.

మీ బాధ అబద్ధం అనట్లేదు. మా అమ్మ మెడలో కూడా పసుపుతాడే ఉంటుంది, బంగారం వేసుకోడానికి భయం. మా బ్లాకుల మధ్య లైట్లు లేవు. రాత్రి తొమ్మిది దాటితే బస్సు లేదు. ఆటోవాడు రానంటాడు. ఆడపిల్లలు షాపుల్లో పని చేసి వస్తే మెయిన్ రోడ్డు నుంచి కిలోమీటరు చీకట్లో నడవాలి. దొంగల భయం మాకూ ఉంది, పోలీసుల భయం కూడా ఉంది. ఎన్నికలప్పుడు "రౌడీలని ఏరిపారేస్తాం" అని ఎవరైనా మైకులో అంటే మీ వీధిలో చప్పట్లు కొడతారు. మా వీధిలో తల్లులు పిల్లల్ని లోపలికి పిలుస్తారు.

మాస్టారు_అక్కయ్యపాలెం
తమ్ముడూ, నువ్వు రాయడం చాలా మంచిదయింది. నేను పాఠం చెప్పిన పిల్లల్లో సగం మంది అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. నీ మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

గాజువాక_రవికుమార్
తమ్ముడూ, నేను రాసిన దాంట్లో నిన్ను నొప్పించే మాట ఉంటే ఏమీ అనుకోకు. ఆ షెడ్డు దగ్గర చేరేవాళ్లలో మా వీధి మేడల పిల్లలు కూడా ఉన్నారు. అది నేను పైన రాయలేదు, రాయాల్సింది. ఒకడు మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి అబ్బాయి. వాణ్ణి ఏ జీపూ తీసుకెళ్లలేదు.

లాయర్_శారద
ఇద్దరికీ పనికొచ్చే మాట చెప్తాను. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి కిలో లోపు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. తాగిన పిల్లాడూ, లారీలో తోలినవాడూ ఒకటి కాదు. అలవాటు పడిన వ్యక్తి చిన్న పరిమాణం కేసులో తనంతట తాను చికిత్సకి ముందుకొస్తే 64ఏ సెక్షన్ కింద విచారణ నుంచి రక్షణ ఉంది. ఈ సంగతి తెలియక తల్లిదండ్రులు దాచిపెడుతున్నారు. వార్డులో ఎవరైనా కార్పొరేటర్ ఒక డాక్టర్‌ని పిలిపించి, తల్లిదండ్రులని కూర్చోబెట్టి ఈ మాట చెప్పిస్తే దానికి పైసా ఖర్చు లేదు.

కూకట్‌పల్లి_కిరణ్
నేను పుట్టింది పెందుర్తి, ఉద్యోగం హైదరాబాద్. ఇక్కడి అనుభవం చెప్తాను, మీకు పనికొస్తుందేమో.

2020 అక్టోబర్‌లో ఇక్కడ వరదలు వచ్చాయి, మా ఫ్రెండ్ ఇంట్లో రెండు రోజులు మోకాలి లోతు నీళ్లు. డిసెంబర్ 1న జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు. మధ్యలో ప్రచారం అంతా ఎటు పోయిందో గుర్తుందా? కాలువల గురించి రెండు రోజులు మాట్లాడారు, తర్వాత మొత్తం భయం మీదే నడిచింది. పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ అనే మాట దాకా వెళ్లింది. ఢిల్లీ నుంచి పెద్ద నాయకులు వచ్చారు. 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కి 56, బీజేపీకి 48, మజ్లిస్‌కి 44 వచ్చాయి. ఇంత హడావిడి జరిగినా ఓటేసినవాళ్లు సగం కూడా లేరు, 46 శాతం చిల్లర. నా అపార్ట్‌మెంట్‌లో 80 ఫ్లాట్లుంటే వేలి మీద సిరా ఉన్నవాళ్లు పాతిక మంది కనపడలేదు.

ఆ తర్వాత మా కాలనీలో రాత్రిపూట పరిస్థితి మెరుగైందా అంటే, కెమెరాలు వచ్చాయి. అవి పోలీసులు, మా అసోసియేషన్ కలిసి చందాలేసుకుని పెట్టుకున్నవి. కార్పొరేటర్ ప్రారంభోత్సవానికి వచ్చారు. ఎన్నికలప్పుడు భయం గురించి గట్టిగా అరిచినవాళ్లు తర్వాత మా వీధి మలుపు గురించి ఒక్కసారి అడగలేదు. విశాఖలో అలా కానివ్వకండి.

వన్‌టౌన్_వాసు
అన్నా, అదే నేను మొదట్నుంచీ చెప్పేది. భయం పేరు చెప్పి ఓట్లడుగుతారు, తర్వాత ఏమీ చెయ్యరు. అందుకే వార్డు ఎన్నికల్లోకి ఈ విషయమే తేకూడదు.

మాస్టారు_అక్కయ్యపాలెం
మనం తేకపోతే వాళ్లు తెస్తారు బాబూ, వాళ్ల పద్ధతిలో. మనమే తెచ్చి స్తంభం నంబరుతో సహా అడిగితే మైకులో అరవడానికి ఏమీ మిగలదు.

మాధవి_మర్రిపాలెం
వాసు గారూ, మీ మాట నాకు అర్థమవుతోంది. కానీ అసెంబ్లీ ఎన్నికల్లో మా మలుపు గురించి ఎవరు మాట్లాడతారు? అంత పెద్ద ఎన్నికల్లో మూడు స్తంభాలు ఎవరికి కనపడతాయి? అవి కనపడాల్సిన ఎన్నిక ఇదే కదా.

వన్‌టౌన్_వాసు
సరే అక్కా. అయితే ఇంకో మాట కూడా మాట్లాడుకోవాలి, ఇంతవరకు ఎవరూ అనలేదు. నేను పదహారేళ్లుగా ఆటో తోలుతున్నాను. ఏ వార్డో చెప్పను. మా స్టాండు దగ్గర ఒక బ్యాచ్ ఉండేది, మామూళ్లు వసూలు చేసేవారు. ఇవ్వనన్నందుకు ఒక డ్రైవర్ అద్దం పగలగొట్టారు. మేం పదిమంది కలిసి స్టేషన్‌కెళ్లి కేసు పెట్టించాం. రాత్రికి రాత్రి ఒక ఫోన్ వచ్చింది, పొద్దున్నే వాళ్లు బయట టీ తాగుతున్నారు. ఆ ఫోన్ ఎవరిదో స్టాండులో అందరికీ తెలుసు. తర్వాత ఎన్నికల ర్యాలీలో ముందు బైకులు వాళ్లవే.

అందుకే నాకు కార్పొరేటర్‌కీ నేరాలకీ సంబంధం లేదని అనాలనిపిస్తుంది. ఉందని ఒప్పుకుంటే నేను ఇన్నాళ్లూ ఓటు ఎవరికి వేశానో గుర్తొస్తుంది. ఆ ఫోన్ చేసిన మనిషికే వేశాను. మా కులం, మా వీధి, మా అమ్మ ఆపరేషన్‌కి ఆస్పత్రిలో బెడ్ ఇప్పించాడు. వెయ్యక ఏం చెయ్యను?

(ఈ పోస్టు కింద దాదాపు గంటసేపు ఎవరూ రాయలేదు.)

లాయర్_శారద
వాసు గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. బెడ్ ఇప్పించినందుకు కృతజ్ఞత ఉండటంలో తప్పేం లేదు.

చట్టం వైపు నుంచి కొంచెం చెప్తాను. పోటీ చేసేవాళ్లు నామినేషన్‌తో పాటు తమ మీదున్న కేసులు, ఆస్తులు, చదువు రాసి ఇవ్వాలి. అది బహిరంగ పత్రం, అడిగి చూడొచ్చు. రౌడీషీట్ వేరు. అది పోలీసులు నిఘా కోసం తెరిచే రికార్డు, కోర్టు తీర్పు కాదు. అది ఉన్నంత మాత్రాన పోటీకి అనర్హత రాదు. అమాయకుడి మీద పాత కక్షతో తెరిచిన షీట్లు కూడా నా ప్రాక్టీసులో చూశాను. కాబట్టి "కేసుంది" అన్న ఒక్క మాట చూసి ఆగిపోకండి. ధర్నాలో కూర్చుంటే పెట్టిన కేసా, మనిషిని కొడితే పెట్టిన కేసా, సెక్షన్ చదవండి. అర్థం కాకపోతే ఇక్కడ పెట్టండి, ఏ పార్టీ అయినా సరే వివరం చెప్తాను.

సీతమ్మధార_లక్ష్మి
ఇంకొక విషయం నేను చెప్పాలి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. ఆడవాళ్ల భయం గురించి ఆడ కార్పొరేటర్‌కి చెప్పుకోవడం సులువు అనుకుంటాం. ఒకసారి మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం ఆరుగురం కలిసి వెళ్లాం. బస్టాపు దగ్గర తాగి కూర్చుంటున్నారని చెప్పడానికి. మేడమ్ లోపలే ఉన్నారు, కానీ ముందు గదిలో సార్ కూర్చుని "ఏటమ్మా, నాకు చెప్పండి" అన్నారు. ఆయన చుట్టూ పదిమంది మగవాళ్లు. మేం చెప్పాలనుకున్న దాంట్లో సగం మింగేసి వచ్చేశాం. ఈసారి ఇంటికి ఓటడగడానికి వచ్చినప్పుడు నేను అభ్యర్థితోనే మాట్లాడతాను, ఆవిడ నంబరే తీసుకుంటాను. ఆవిడ ఫోన్ ఎవరు ఎత్తుతారో మర్నాడే చేసి చూస్తాను.

వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసు అని ఒకరుంటారు, చాలామందికి తెలియదు. 2019 నుంచి ఉన్న ఏర్పాటు. మా సచివాలయంలో ఉన్న అమ్మాయి మాత్రం చాలా మంచిది, మేం ఏది చెప్పినా రాసుకుంటుంది. ఆవిడకి వేరే సర్వేల పని అంటగట్టకుండా ఉంటే ఇంకా చేస్తుంది.

లెస్టర్_ప్రసాద్
ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను, మాది గోపాలపట్నం. ఇక్కడ 2012 నుంచి పోలీసుల మీద పర్యవేక్షణకి ఒక మనిషిని నేరుగా ప్రజలే ఎన్నుకునే పద్ధతి పెట్టారు. మొదటి ఎన్నికల్లో వందలో పదిహేను మంది ఓటేశారు. అధికారం చేతికిచ్చినంత మాత్రాన జనం కదలరని అప్పుడు అనిపించింది. ఇక్కడ మా కౌన్సిలర్‌కి మాత్రం వీధి దీపం గురించి ఈమెయిల్ చేస్తే పేరుతో జవాబొస్తుంది, పని అయినా కాకపోయినా. అమ్మ గోపాలపట్నంలో ఒంటరిగా ఉంటుంది. ఈ చర్చ చదివి ఇందాకే ఫోన్ చేసి గొలుసు తీసి లోపల పెట్టమన్నాను. "మెడ బోసిగా ఉంటే ఎలారా" అంది.

సైబర్_గణేష్
నా మాట కొంచెం పక్కకి పోయినా చెప్తాను. ఇప్పుడు ఎక్కువ డబ్బు పోతోంది రోడ్డు మీద కాదు, ఫోన్లో. మా మామయ్యని పోలీసులమని ఫోన్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరించి పింఛను డబ్బులు లాగేశారు. 2024 మే నెలలో కంబోడియాలో చిక్కుకున్న మన విశాఖ కుర్రాళ్ల సంగతి పేపర్లలో వచ్చింది కదా, డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి మోసాలు చేయించారు. అంటే ఒక వార్డులో దోచుకునే గొంతూ, ఇంకో వార్డులో పోగొట్టుకునే ముసలాయనా ఇద్దరూ మనవాళ్లే అయ్యారు. దీనికి వీధి దీపం పనికిరాదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి, గంటలో చేస్తే ఆపే అవకాశం ఎక్కువ. వార్డు సచివాలయం గోడ మీద ఈ నంబరు పెద్ద అక్షరాలతో రాయించమని ప్రతి అభ్యర్థినీ అడగండి.

కాలనీ_కుర్రాడు
నేను కూడా ఒకటి అడగాలి. గత ఎన్నికల్లో మా బ్లాకుల్లో ఓటుకి వెయ్యి పంచారు. ఒక పార్టీ కాదు. మా అమ్మ తీసుకుంది. ఆ నెల గ్యాస్ బండ అందులోనే వచ్చింది. తీసుకున్నాక లైటు గురించి అడిగే మొహం ఉండదని ఈసారి తీసుకోవద్దు అని నేనంటే, "నువ్వు తీసుకోకపోయినా లైటు వెయ్యరు, వెయ్యి కూడా పోతుంది" అంటోంది. ఆవిడకి ఏం చెప్పాలి?

మాస్టారు_అక్కయ్యపాలెం
అమ్మని తప్పు పట్టకు నాయనా. ఆవిడ లెక్క ఆవిడ అనుభవంలోంచి వచ్చింది. మన విశాఖకి 2007 తర్వాత మళ్లీ 2021 దాకా కార్పొరేషన్ ఎన్నికలే జరగలేదు. 2012లో పాత కౌన్సిల్ గడువు ముగిశాక తొమ్మిదేళ్లు వార్డులో అడగడానికి మనిషే లేడు. 98 వార్డులకీ ఎన్నికలు జరిగి కౌన్సిల్ వచ్చాక కూడా 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం, క్యాంపులు, ఎవరు ఎటు దూకారన్న లెక్కలతోనే వారాలు గడిచిపోయాయి. అలాంటి చోట వెయ్యి రూపాయలు తప్ప చేతికి తగిలిందేమీ లేదని ఆవిడ అనుకుంటే నేను కాదనలేను.

ఒక్కటి మాత్రం చెప్పు. ఓటు రహస్యం. తీసుకున్నా తీసుకోకపోయినా ఎవరికి వేసిందీ ఎవరికీ తెలియదు. తీసుకున్నందుకు రుణపడిపోయానని అనుకోవద్దని చెప్పు. లైటు అడిగే హక్కు ఆ వెయ్యితో అమ్ముడుపోలేదు.

లాయర్_శారద
మాస్టారూ, డబ్బు తీసుకోవడం కూడా చట్టప్రకారం నేరమే, ఆ మాట నేను చెప్పకుండా ఉండలేను. కానీ చివరి వాక్యంతో ఏకీభవిస్తాను.

శ్రీను_స్ట్రీట్‌లైట్
కాలనీ తమ్ముడూ, మీ బ్లాకులు ఎటు వైపో నాకు విడిగా మెసేజ్ పెట్టు. ఆదివారం ఖాళీగా ఉంటాను. బ్లాకుల మధ్య స్తంభాలు ఎన్ని, దీపాలు ఎన్ని, కేబుల్ పోయిందా, అసలు వెయ్యలేదా చూసి రాసిస్తాను. అసలు వెయ్యని చోట రిపేరు కంప్లెయింట్ పెడితే ఎప్పటికీ కాదు. అది కొత్త పని, అంచనా వేసి మంజూరు చేయించాలి. అడిగే తీరు వేరు.

మాధవి_మర్రిపాలెం
ఈరోజు సంగతి చెప్తాను. పొద్దున్న పిన్నిగారిని తీసుకుని స్టేషన్‌కి వెళ్లాం. శారద గారు చెప్పినట్టు సెక్షన్ పేరు చెప్పి అడిగాను. అరగంట కూర్చోబెట్టారు కానీ ఎఫ్ఐఆర్ అయింది, కాపీ చేతిలో ఉంది. ఎస్సైగారు కొత్తగా వచ్చారట. పిన్నిగారికి కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, బైక్ రంగు, వాళ్ల చొక్కాలు అన్నీ ఓపికగా రాసుకున్నారు. బయటికి వచ్చాక పిన్నిగారు "టిఫిన్ తిందామే" అన్నారు. పది రోజుల తర్వాత ఆవిడ నోటి నుంచి వచ్చిన మామూలు మాట అదే.

సాయంత్రం నేనూ, మా వీధి ఆడవాళ్లు నలుగురం టార్చ్‌లు పట్టుకుని తిరిగాం. మా మూడు వీధుల్లో స్తంభాలు 41, వెలగనివి 13. నంబర్లన్నీ రాసుకున్నాం. అందులో వరసగా ఆరిపోయినవి రెండు చోట్ల ఉన్నాయి శ్రీను గారూ, ఫొటోలు పెడతాను చూడండి. ఖాళీ స్థలాలు నాలుగు, వాటి పక్క ఇళ్ల డోరు నంబర్లు కూడా రాశాం. రెండు కాపీలు తీశాను. ఒకటి రేపు సచివాలయంలో ఇచ్చి ముద్ర వేయిస్తాను. ఇంకొకటి తలుపు పక్కన పెట్టుకుంటాను, ఓటడగడానికి ఎవరొచ్చినా ముందు అది చదివించాకే మాట్లాడనిస్తాను.

వన్‌టౌన్_వాసు
అక్కా, ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, ఏ వరసలో రాశారో చూస్తాను. మా స్టాండు వెనక సందులో నాలుగు స్తంభాలున్నాయి. రాత్రి బండి పెట్టేసి వెళ్లేటప్పుడు లెక్క చూస్తాను.